పాటిగడ్డలో పైసలు

దేవరకొండ ప్రాంతమునుండి ఒక శ్రోత ఇటీవల మాకొక లేఖ వ్రాసినారు. వారి కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడట. అచ్చట ఆదివారములందు పార్కులలో, సముద్రతీరములందు ఒక యంత్రమును నేలకు ఆనీ ఆనకుండ ఊపుచు తిరుగుట కొందరికి వినోదము. పచ్చికలో జారిపడిన చిల్లర నాణెములు, ఎవరో పోగొట్టుకొనిన ఉంగరములు, చెవికమ్మలు ఆ యంత్రము కూతపెట్టి చూపునట. పోయిన వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు ఆ కుమారుడు తండ్రికి అట్టి యంత్రము నొకదానిని కానుకగా తెచ్చినాడు. “మా ఊరికి పడమట పాటిగడ్డ యున్నది. వానలు పడిన తరువాత పిల్లలకు అచ్చట పూసలు, అప్పుడప్పుడు పాతకాలపు పైసలు దొరకుచుండును. ఈ యంత్రముతో ఆ గడ్డను వెదుకవచ్చునా?” అని వారి ప్రశ్న. ఒక్క కార్డుముక్కతో తేలునది కాదని తోచి, దానినే ఈ ప్రసంగమునకు విషయముగా గ్రహించినాము.

పాటిగడ్డ యనగా నేమో నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమల రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. పట్టణవాసులకై రెండు మాటలు చెప్పెదము. ఒకప్పుడు ఊరుండి పాడుపడిన చోట ఇండ్ల మట్టి, పొయ్యిల బూడిద, పశువుల పెంట, కుండపెంకులు పొరలు పొరలుగా పేరుకొని దిబ్బయగును. ఆ మన్ను సారవంతము. కావున తరతరములుగా రైతులు దానిని బండ్లకెత్తి చేలకు తోలుకొనుచున్నారు. మన చెలకలకు ఎరువుగా పోయిన మన్నులో శాతవాహనుల కాలపు వీథులెన్ని యున్నవో ఎవరు చెప్పగలరు? ఇది నిందింపదగిన పని యని మేమనుట లేదు. బ్రదుకుదెరువునకై చేసిన పని. కాని ఆ బండ్లతోడనే నాణెములు, పూసలు, చిన్న చిన్న నగల తునకలు పొలములకు చేరి, నాగటి చాలులో మరల పైకి వచ్చుచుండుట వలననే ఈ సీమలో “ధనము దొరకినది” అను మాట ఏటేట వినబడుచున్నది.

ధనముమీది ఆశ కొత్తది కాదు. లంకెబిందెల కథ చెప్పని అమ్మమ్మ తెలుగునాట లేదు. మన శాసనములు చదివినవారికి మరియొక సంగతి తెలియును. రాజు ఒక బ్రాహ్మణునకో దేవునకో గ్రామమును ధారపోయునప్పుడు అష్టభోగములతో నిచ్చుట వాడుక. ఆ భోగములలో మొదటి రెండును నిధి, నిక్షేపము. జలముకంటెను, శిలకంటెను ముందు వానినే చెప్పిరి! అనగా భూమి లోపల నున్న సొమ్మునకు కూడ యజమాని యెవడో ముందే తేల్చి వ్రాసికొనిరన్నమాట. అంతకు పూర్వమే కౌటిల్యుడు అర్థశాస్త్రమున దీనికి లెక్క కట్టినాడు. నిధిని చూపినవానికి ఆరవ వంతు, వాడు రాజభృత్యుడైనచో పండ్రెండవ వంతు. లక్షకు మించిన నిధి రాజుది. దొంగిలించినవానికి శిక్ష. చట్టము లేనిదే నిధి లేదు. నిధి యున్నచోట దొంగయు నున్నాడు.

మన సీమలో దొరకిన నిధులలో మిక్కిలి ప్రసిద్ధమైనది నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లి నిధి. 1,531 వెండి నాణెములు ఒక్కచోట బయటపడినవి. అవి మన రాజులవి కావు. రోము చక్రవర్తులవి; ముఖ్యముగా అగస్టసు, టైబీరియసులవి. క్రీస్తు పుట్టుకకు కొంచెము ముందును, తరువాత కొన్ని దశాబ్దములును పాలించిన వారు వీరు. ఆ నాణెమును వారు దెనారియస్ అనిరి. మన సంస్కృత గ్రంథములలోని దీనారమునకు మూలమిదే. నాగార్జునకొండ శాసనములలో ఒక రాణి 170 దీనారిమాషకములను దానము చేసినట్లున్నది. కృష్ణ యొడ్డున ఆ మాట నోట నోట నాడినదనుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలయును?

ఒక్కొక్క దెనారియస్ నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ తూగును. ఆ లెక్కన అక్కన్‌పల్లి నిధి సుమారు ఆరు కిలోల వెండి. సంతలో అమ్మినచో ఒక పెండ్లి ఖర్చు వెళ్లును. కాని దానిని నాణెములుగా చూచినచో కథ వేరు. మన దేశమున దొరకిన ఇట్టి నిధులలో రెండు అచ్చులే పెక్కుగా కనబడుచున్నవి. ఒకదానిపై అగస్టసు దత్తపుత్రులైన ఇద్దరు బాలురు డాళ్లు పట్టి నిలుచుందురు. రెండవది టైబీరియసుది, దాని వెనుక ప్రక్క ఆసనముపై కూర్చున్న స్త్రీమూర్తి. ఈ రెండును ఫ్రాన్సు దేశపు లియాన్ నగర టంకశాలలో అచ్చుపడినవని విద్వాంసులందురు. లియాన్ ఎక్కడ, మిర్యాలగూడ ఎక్కడ! మరియు క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెములో వెండిని తగ్గించినాడు. ఆ తరువాతి నాణెములు మన దేశపు నిధులలో అరుదు. మన వర్తకులు రాతిపై గీసి చూచి పాత నాణెమునే కోరిరా, లేక వెండి రాకయే ఆగిపోయినదా, ఇది నేటికిని వాదమే. ప్లినీ యను రోము పండితుడు ఏటేట అయిదు కోట్ల సెస్టెర్సుల ధనమును హిందూదేశము లాగికొనుచున్నదని వాపోయినాడు. ఆ ధనములో ఒక దోసెడు అక్కన్‌పల్లికి చేరినదన్నమాట.

ఈ వాదము లన్నియు ఎట్లు సాధ్యమైనవి? పదునైదువందల నాణెములు ఒక్కచోట దక్కి, ఏ అచ్చువి ఎన్ని, ఏవి అరిగినవి, ఏవి కొత్తవి అని లెక్కించుటకు వీలైనందున. పరమేశ్వరీలాల్ గుప్త అను నాణెశాస్త్రజ్ఞుడు ఆంధ్రప్రదేశమున దొరకిన రోము నాణెములపై 1965లో ప్రకటించిన గ్రంథమునకు ఇట్టి నిధులే ఆధారము. అందులో మంచివి ఇరువది ఏరికొని తక్కినవి కరిగించి యుండినచో, ఇరువది అందమైన బిళ్లలు మిగిలెడివి, నిష్పత్తి పోయెడిది. నిష్పత్తి పోయిన పిమ్మట వర్తకపు కథ లేదు.

కరిగినవెన్నియో! కొన్నేండ్ల క్రిందట జానపద గీతముల ధ్వనిముద్రణకై కృష్ణాతీరపు గ్రామమునకు పోయినప్పుడు మేమొక వృద్ధుని చూచినాము. అవుసుల వృత్తివాడు, చూపు మందగించి పని మానినాడు. మాటలలో మాటగా రోము నాణెముల ప్రస్తావన రాగా, ఆయన బొగ్గుముక్క నడిగి తీసికొని అరుగుమీద ఒక తలను గీసినాడు. ప్రక్కకు తిరిగిన ముఖము, నిక్కిన ముక్కు, తలచుట్టు ఆకులు. “ఆకుల దండ ఉండె సారూ. నేను పొల్లగాణ్ణి. గొల్లాయన ముంతెడు తెచ్చిండు. మా నాయన ఇంత గింజంత మైలపోకుండ కరిగిచ్చి కడియాలు జేసిచ్చిండు. మంచి ఎండి. ఎవల తలకాయో మాకేమెరుక?” అన్నాడు. ఆ ముంత ఎచ్చట దొరకినదని అడిగితిమి. గొల్లాయనకే ఎరుక యన్నాడు. ఆ గొల్లాయన చనిపోయి నలువదియేండ్లు. ఆ కడియములు ఏ ఆడుబిడ్డ కాళ్లనుండి ఏ షావుకారు కొలిమికి మరల పోయినవో! అరుగుమీది బొగ్గుగీత మాత్రమే మేము చూడగలిగినది. సాయంకాలము చినుకులకు అదియు చెరిగినది.

నాణెము నగయగుట మాత్రము ఎల్లప్పుడును నష్టము కాదు. రోము బంగారు నాణెములకు రంధ్రము వేసి మెడలో ధరించుట మన పూర్వులకు వేడుక. బంగారము కొనలేనివారి సంగతి ఇంకను ముచ్చటగా నుండును. 1940 ప్రాంతమున నిజాము ప్రభుత్వ పురావస్తుశాఖ మెదకు సీమలోని కొండాపురమును త్రవ్వినప్పుడు టైబీరియసు నాణెమును అచ్చొత్తిన మట్టిబిళ్లలు దొరకినవి. వానికి బంగారు పూత వేసి తాలిబిళ్లవలె తొడిగియుందురని ఊహ. గిల్టు నగల చరిత్ర అంత పాతది! మహబూబ్‌నగరపు వీపనగండ్లలో దొరకినవి తరువాతి కాలపు రోము బంగారు నాణెములు. రోము పశ్చిమమున క్షీణించి తూర్పున నిలిచిన దినములలోను ఈ ఎర్రనేలతో సంబంధము తెగలేదనుటకు అవి గుర్తు.

ఇప్పుడు బంగారమును, వెండిని విడిచి సీసమువద్దకు రావలసియున్నది. మా శ్రోత ప్రశ్నకు అసలు సమాధానము అచ్చటనే యున్నది.

సూర్యాపేటకు దూరము కాని ఫణిగిరి గ్రామము 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిది. బిక్కేరు వాగు దాపున, పాము పడగవంటి కొండపై బౌద్ధారామము. అచ్చట 1941–44 నడుమ ఒకమారు త్రవ్వినారు. 2001 నుండి మరల పలుమారులు త్రవ్వినారు. ఇక్ష్వాకు రాజగు రుద్రపురుషదత్తుని పదునెనిమిదవ పాలనవర్షపు శాసనము, శిల్పముల తోరణము అచ్చటివే. 2024 మార్చి నెలాఖరున రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వుచుండగా, సుమారు రెండడుగుల లోతున ఒక గుండ్రని చిన్న కుండ బయటపడినది. అడ్డము పదునేడు సెంటీమీటర్లకు లోపు, ఎత్తు పదునైదు. దాని మూతిని బయటనుండి మరియొక పాత్రతోను, లోపల పగిలిన గిన్నె అడుగుతోను మూసియుంచిరి. లోపల 3,730 సీసపు నాణెములు. ఒక ప్రక్క ఏనుగు, రెండవ ప్రక్క ఉజ్జయినీ చిహ్నము. ఇక్ష్వాకులవని నిర్ణయించినారు. ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాములు. మొత్తము ఎనిమిదిన్నర కిలోల సీసము.

పాత ఇనుప సామానులవానికి వేసినచో ఎంత వచ్చును? కొన్ని సంచుల ఎరువునకు కూడ చాలదేమో. కాని ఆలోచింపుడు. బౌద్ధ వినయ నియమము ననుసరించి భిక్షువు బంగారు వెండి నాణెములను తాకరాదు. అట్టి ఆరామస్థలమున వేలకొలది నాణెములను కుండకెత్తి, రెండు మూతలు వేసి పాతిపెట్టిన దెవరు? భక్తులిచ్చిన కానుకలా? సంఘమే సొమ్ము దాచుకొని వడ్డీకి త్రిప్పెనా? కొండక్రింది సంతలో చిల్లర మార్చు వర్తకుని మూటయా? ఇక్ష్వాకుల రాజ్యము కూలుచున్న దినములలో వెరచి దాచి, మరల తీసికొనుటకు రాలేకపోయిరా? ఈ ప్రశ్నలలో ఒక్కటియు నాణెముమీద వ్రాసి లేదు. ఆ కుండ ఆ కొండమీద, ఆ పొరలో, ఆ మూతలతో ఉండుటవలన పుట్టినవి. అదే నాణెములు ఏ బజారులోనో కుప్పపోసి కనబడినచో ఇక్ష్వాకుల సీసపు బిళ్లలని చెప్పి ఊరకుందుము. ఆ త్రవ్వకములలోనే రాతిపూసలు, గాజుపూసలు, శంఖపు గాజుల ముక్కలు, సున్నపు బొమ్మల తునకలు, పిల్లలాడుకొను బండిచక్రమును దొరకినవి. వీనిలో ఒక్కదానికైనను మా శ్రోత యంత్రము కూతపెట్టదు.

యంత్రము పని చేయు విధము సులభమే. అడుగున తీగచుట్ట యుండును. దిక్కు మార్చుకొనుచు విద్యుత్తు అందులో ప్రవహించును. దానిచే అయస్కాంతక్షేత్రము నేలలోనికి దిగును. అచ్చట లోహమున్నచో అందులో సుడులవంటి చిన్న ప్రవాహములు పుట్టి తమ క్షేత్రమును తిరిగి పంపును. రెండవ చుట్ట దానిని పట్టి చెవికి కూతగా వినిపించును. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు తుపాకి దెబ్బ తిని పడియున్నప్పుడు, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ఇట్టి సాధనముతో దేహములోని గుండును వెదుకబోయి విఫలుడైనాడు. పరుపులోని లోహపు తీగలు యంత్రమును తికమక పెట్టినవట. రెండవ ప్రపంచయుద్ధమున పాతిపెట్టిన మందుపాతరలను వెదకుటకు దానికి మంచి పదును వచ్చినది. తరువాతనే వినోదమైనది.

అయినను చిన్న నాణెము జానెడు లోతు దాటినచో ఇంటి యంత్రములకు చిక్కుట కష్టము. ఇనుము పాలెక్కువగా గల మన ఎర్ర చెలకలలో నేలయే కూతపెట్టును. దానికితోడు విరిగిన నాగటి కర్రులు, ఎడ్ల నాడాల మేకులు, మోటారు తీగముక్కలు, సీసా మూతలు. నూరు కూతలకు తొంబదియారు ఇవియే! కూత వినిన ప్రతిచోట గొయ్యి త్రవ్వుదురు. నాణెము దొరకినను దొరకకున్నను ఆ గోతిలోని పొరలు కలిసిపోవును, పూస విరుగును, కుండపెంకు దూరముగా పడును.

ఇంతవరకు మంచివారి సంగతి. చెడ్డవారి సంగతి పత్రికలు చదువు వారికి తెలియనిది కాదు. వెనుక తమలపాకున కాటుక పూసి అంజనము వేయువాడు ఊళ్లకు వచ్చెడివాడు. ఇప్పుడు అంజనమునకు బదులు బ్యాటరీ వచ్చినది. అమావాస్య రాత్రి కారులో దిగి, పాడుపడిన గుడిలో నందిని దొర్లించి, లింగమును పెకలించి, పానవట్టము క్రింద నిలువెత్తు గోతులు తీసి పోవుచున్నారు. మన సీమలో పూజ లేని చాళుక్య, కాకతీయ కాలపు గుళ్లు ఊరికొకటి యున్నవి, కావలి లేదు. అట్టి గోతులలో నిధి దొరకినదని మేము వినలేదు. పగిలిన నందులను మాత్రము కన్నులార చూచినాము.

మరి చట్టమేమనుచున్నది? మన దేశమున 1878 నాటి నిధుల చట్టమే నేటికిని ఆధారము. పది రూపాయలకు మించిన విలువ గలది ఏది దొరకినను కలెక్టరునకు వ్రాతమూలముగా తెలిపి అప్పగింపవలయును. పది రూపాయలు! ఆనాడు అది తక్కువ సొమ్ము కాదు. నేడు హోటలులో చాయకు చాలునో చాలదో. కలెక్టరు ప్రకటన చేయును. నాలుగు మొదలు ఆరు నెలల లోపల ఒక దినము నిర్ణయించి హక్కుదారులను విచారించును. యజమాని ఎవరును లేరని తేలినచో, వేరు ఒప్పందము లేనప్పుడు, దొరకినవానికి ముప్పాతిక, భూమి గలవానికి పాతిక. నూరేండ్ల లోపల తమవారే దాచినారని ఎవరైన చూపగలిగినచో వ్యవహారము న్యాయస్థానమునకు పోవును. ఇది మన జిల్లాలకు ఊరక చెప్పుమాట కాదు. 1946–51 నాటి అలజడులలో సిక్కా రూపాయలు, నగలు పెరటిలో పాతి ఊరు విడిచిన కుటుంబముల కథలు నల్లగొండ పెద్దలు ఇప్పటికిని చెప్పుచుందురు.

దాచినవాడు భాగమును పోగొట్టుకొనును. ఏడాది వరకు కారాగారమును కలదు. రక్షిత ప్రదేశములందు అనుమతి లేక త్రవ్వుట 1958 నాటి కేంద్ర చట్టముచేతను, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టముచేతను నేరము.

ఈ చట్టముతో మాకొక తగవున్నది. ప్రభుత్వము నిధిని తానే యుంచుకొనదలచినచో, లోహము విలువకు అయిదవ వంతు కలిపి చెల్లించునట్లు నియమము. అనగా చట్టము లోహమునకు వెల కట్టినది, నాణెమునకు కట్టలేదు. రోము నాణెముల ముంత దొరకిన గొల్లవానికి ఆ నియమము ప్రకారము వెండి వెలకంటె కొంచెము ఎక్కువ ముట్టును. అదియు నెలల తరబడి కచేరీ మెట్లెక్కిన తరువాత. అవుసులవాడు ఆ సాయంకాలమే ఇచ్చును. ఇక వాడు ఎవరి తలుపు తట్టును?

ఇంగ్లండున వేరు విధము నడచినది. 1992లో హాక్స్‌న్ అను గ్రామమున ఒక రైతు తన సుత్తిని పొలములో పోగొట్టుకొనెను. మిత్రుడగు ఎరిక్ లాస్ అను వృద్ధుడు దానిని వెదకిపెట్టుటకై యంత్రముతో పోయినాడు. కూత వినబడిన చోట బంగారు గొలుసులు, వెండి చెంచాలు, నాణెములు. ఆయన కొంత తీసి, ఆ పిమ్మట చేతిని ఆపినాడు! అధికారులకు వార్త పంపినాడు. మరునాడు పురావస్తువేత్తలు వచ్చి త్రవ్వగా సుమారు 15,000 రోము నాణెములు, నగలు, అవి యుంచిన కొయ్యపెట్టె ఆనవాళ్లును దొరకినవి. ఏ వస్తువు ఏ మూల నుండెనో చెప్పగలిగినారు. ఆయనకు బజారు వెల ననుసరించి పదునేడున్నర లక్షల పౌనుల బహుమానము వచ్చినది, రైతుతో పంచుకొన్నాడు. పోయిన సుత్తియు దొరకినది. అదియు బ్రిటిషు మ్యూజియమునకే చేరినది.

మనవారు మాత్రము తక్కువవారని అనలేము. 2021 ఏప్రిల్‌లో జనగామ దాపున పెంబర్తి వద్ద నేల చదును చేయించుచుండగా రాగిబిందెలో బంగారు, వెండి నగలు బయటపడినవి. వార్త ఊరంత ప్రాకినది. కొందరు పసుపు కుంకుమలు చల్లి కొబ్బరికాయలు కొట్టినారు. కాని సొమ్ము అధికారుల చేతికి చేరినది. ఇట్టివి చూడగోరువారు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర ప్రదర్శనశాలకు పోవచ్చును. పార్కులో నాణెములు చూడవలయునన్న కోరికయు తీరును, యంత్రముతో పనిలేదు.

మా శ్రోతకు ఈ సంగతులన్నియు క్లుప్తముగా వ్రాసి, పాటిగడ్డమీద యంత్రము ఊపవలదనియు, పిల్లలకు దొరకిన పైసలను చింతపండుతో తోమక, ఏ మూల ఏది దొరకినదో ఒక కాగితముపై గుర్తు వేసి తహసీలుదారునకు చూపుమనియు కోరినాము. పోయిన వారము వారి జవాబు వచ్చినది. పిల్లలవద్ద నున్న నాలుగు సీసపు బిళ్లలను గడ్డ పటముతో సహా కచేరీలో ఇచ్చి రసీదు తీసికొన్నారట. యంత్రమును మాత్రము ఒకమారు వాడినారు. వరి కళ్లములో వారి కోడలి చెవికమ్మ జారిపోగా గడ్డివామి చుట్టు పూటంత తిరిగి దానిని పట్టినారు. కమ్మకు ముందు రెండు నాడాల మేకులు, ఒక సైకిలు గొలుసు, ఎప్పుడో పోయిన ఎద్దు మెడగంటయు దొరకినవట.